మందు లెక్క ఎలా వేయాలి: కొత్తగా వార్డులోకి వచ్చినవాళ్ల కోసం

మాది చండూరు పక్కన ఊరు, పత్తి చేను మీద బతికిన ఇల్లు. మందు కొట్టే రోజు నాన్న డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, "దీనికెంతనో సదువు బిడ్డా" అనేవాడు. లీటరు నీళ్లకు 2 మి.లీ. అని నేను చదివితే, 15 లీటర్ల ట్యాంకుకు 30 మి.లీ. అని ఆయన నోటితోనే చెప్పేసేవాడు. బడి మొహం సరిగా చూడని మనిషి. నేనేమో జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సులో చేరాక డోస్ లెక్కలు చూసి రెండు నెలలు నిద్రపోలేదు, సూత్రం బట్టీ పట్టడం, పరీక్ష హాల్లో మర్చిపోవడం, బయటికొచ్చి ఏడవడం. వార్డులో పదేళ్లు దాటాక చెప్తున్నా, అదీ ఇదీ ఒకటే లెక్క. ఇంకో సంగతి, నాన్నకు లెక్క వచ్చినా సరే ప్రతి కొత్త డబ్బానూ చదివించుకునేవాడు, పోయినసారి ఇదే రంగు డబ్బా కదా అని ఊరుకునేవాడు కాదు. నేను చూసిన తప్పుల్లో చాలావరకు గుణకారం రాక జరిగినవి కాదు, సీసా చదవక జరిగినవి.

నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట వైపు చిన్న దవాఖానాల్లో, పీహెచ్‌సీల్లో కొత్తగా డ్యూటీ ఎక్కే పిల్లలను మనసులో పెట్టుకుని రాస్తున్నా. డోస్ ఎంతో నిర్ణయించేది డాక్టరే. ఆ డోసే పేషెంట్ ఒంట్లోకి వెళ్లేలా చూడడం, తేడా అనిపిస్తే ఆగి అడగడం మన పని.

1. ముందు పేషెంట్ మాట వినండి

మన దగ్గర ఎవరూ పుస్తకంలో ఉన్నట్టు చెప్పరు. "దమ్మొస్తుంది" అంటే ఆయాసం, అప్పుడు మాటలతో సరిపెట్టుకోకుండా ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టండి, వేలికి ఆక్సీమీటర్ పెట్టండి. "కండ్లు తిరుగుతున్నయ్" అంటే బీపీ, షుగర్ రెండూ చూడండి. అన్నిటికన్నా మోసం చేసే మాట "గ్యాస్ పట్టింది". యాభై దాటిన మనిషి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, చెమటలు పట్టి, గ్యాస్ గోలీ ఇయ్యి సిస్టర్ అన్నాడంటే గోలీ తర్వాత, ముందు డాక్టర్‌ను పిలవండి, ఈసీజీ మిషన్ లాక్కురండి. షుగర్ ఉన్నవాళ్లకైతే గుండెపోటులో నొప్పి కూడా లేకపోవచ్చు, ఒట్టి నీరసం, ఆయాసం, చెమటే ఉంటాయి.

చిన్నపిల్లలు చెప్పలేరు కాబట్టి చొక్కా పైకెత్తి పొట్ట, ఛాతీ కదలిక చూస్తూ పూర్తిగా నిమిషం పాటు లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. ఆ సంఖ్య గానీ, ఆపైన గానీ వస్తే వేగంగా ఊపిరి పీలుస్తున్నట్టే. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంజుతుంటే ఇక లైన్లో కూర్చోబెట్టొద్దు.

వానాకాలం జ్వరాల్లో ఇంకోటి గుర్తుంచుకోండి. డెంగీలో జ్వరం తగ్గిందని ఇంటివాళ్లు సంతోషపడే రోజే చాలామందికి ప్రమాదం మొదలయ్యే రోజు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మనిషి మత్తుగా పడి ఉండడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ జోలికి పోకూడదు, పారాసిటమాల్ ఒక్కటే.

2. ఇంతకుముందు ఏం వేసుకున్నారో అడగండి, సంచి చూడండి

"ఏమైనా మందులు వాడుతున్నారా" అంటే లేదంటారు. "సూది ఏమన్నా ఏయించుకున్నవా పెద్దమ్మా? మెడికల్ షాపుల గోలీలు తెచ్చుకున్నవా?" అని అడగండి, అప్పుడు కొంగు ముడి విప్పి నాలుగు రకాలు తీస్తారు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన ముసలివాళ్లున్నారు, కీళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి నొప్పి గోలీలు మింగినవాళ్లుంటారు. ఆ గోలీలు కిడ్నీని, కడుపు పొరను దెబ్బ తీస్తాయి కాబట్టి ఆ సంగతి కేస్ షీట్‌లో రాయడం చాలా అవసరం.

ఇక్కడే మొదటి లెక్క. పెద్దవాళ్లకు పారాసిటమాల్ 24 గంటల్లో 4,000 మి.గ్రా. దాటకూడదు, బక్కపల్చని వాళ్లకు, తాగుడు ఉన్నవాళ్లకు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు ఇంకా తక్కువే. ఒకాయన జ్వరానికి 650 గోలీ నాలుగు పూటలా వేసుకున్నాడు, అది 2,600. నడుము నొప్పికని ఎసిక్లోఫెనాక్ కలిపిన గోలీ మూడు, అందులో ఒక్కోదానిలో 325 పారాసిటమాల్ దాక్కుని ఉంది, అది 975. జలుబు గోలీ మూడు, ఒక్కోదానిలో 500, అది 1,500. మొత్తం 5,075. ఆయన దృష్టిలో మూడు వేర్వేరు రోగాలకు మూడు వేర్వేరు మందులు. పైగా పారాసిటమాల్ ఎక్కువైతే మొదటి రోజు పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు, కొద్దిగా వికారం అంతే, లివర్ దెబ్బ తర్వాత బయటపడుతుంది. అందుకే గోలీ అట్టను తిప్పి వెనకాల చిన్న అక్షరాలు చదవండి.

3. బరువు తూచండి

పిల్లల డోసంతా బరువు మీదే ఉంటుంది. వయసును బట్టి అంచనా వేసే పద్ధతి ఒకటుంది (ఏడాది నుంచి పదేళ్ల లోపు పిల్లలకు వయసుకు 4 కలిపి రెండు రెట్లు చేయడం, అంటే మూడేళ్లకు 14 కిలోలు), కానీ అది తూకం దొరకని అర్ధరాత్రి కోసం మాత్రమే. మన పిల్లల్లో చాలామంది ఆ అంచనా కన్నా తక్కువే ఉంటారు. అమ్మ చెప్పిన బరువు కూడా నమ్మకండి, అది పోయిన ఏడాది అంగన్‌వాడీలో తూచింది అయి ఉంటుంది. పిల్ల దిగనని ఏడిస్తే తల్లిని ఎత్తుకోమని ఇద్దరినీ కలిపి తూచి, తర్వాత తల్లిని ఒక్కదాన్నే తూచి తీసేయండి.

4. ఆర్డర్‌లో మి.గ్రా. ఉందా, మి.లీ. ఉందా?

ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు పిల్లల వార్డులో నాకు పోస్టింగ్. 12 కిలోల బాబు, జ్వరం 102. షీట్‌లో "పారాసిటమాల్ సిరప్ 7.5 మి.లీ." అని ఉంది, వాళ్ల నాయన బయట షాపులో సీసా కొనుక్కొచ్చాడు. నేను మూతలో ఏడున్నర పోసి బాబు నోటి దగ్గర పెట్టబోతుంటే ఇన్‌ఛార్జి సిస్టర్ చెయ్యి పట్టుకుని, "సీసా మీద ఏం రాసుందో చదువు" అన్నారు. పేరు చదివాను. "పేరు కాదు, కింద."

కింద 5 మి.లీ.కి 250 మి.గ్రా. అని ఉంది. డాక్టర్ మనసులో ఉన్నది 120 సీసా, అంటే 5 మి.లీ.కి 120 మి.గ్రా. ఉండేది.

ఎంత తేడానో చూడండి. పిల్లలకు పారాసిటమాల్ కిలోకు ఒక విడతకు 10 నుంచి 15 మి.గ్రా. 12 కిలోలకు 15 చొప్పున 180 మి.గ్రా. 120 సీసాలోంచి అది 7.5 మి.లీ., సరిగ్గా షీట్‌లో ఉన్నదే. 250 సీసాలోంచి 3.6 మి.లీ. చాలు. నేను పోసిన ఏడున్నరలో 375 మి.గ్రా. ఉంది, రెండింతలకు పైనే. చుక్కల మందైతే ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది, అప్పుడు 1.8 మి.లీ. మాత్రమే. మందు ఒకటే, సీసాలు మూడు, కొలతలు మూడు. కాబట్టి షీట్‌లో ఒట్టి మి.లీ. మాత్రమే కనిపిస్తే, లేదా "ఒక చెంచా" అని ఉంటే, సిగ్గుపడకుండా వెళ్లి "ఎన్ని మి.గ్రా. సార్?" అని అడిగి రాయించుకోండి. విసుక్కుంటారేమో. విసుక్కోనివ్వండి.

ఇంటికి పంపేటప్పుడు తల్లికి అదే మూత మీద గీత చూపించి పంపండి, వంటింటి చెంచాలు ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు.

సున్నాల సంగతి కూడా ఇక్కడే. మీరు రాసేటప్పుడు అర మి.గ్రా.ను .5 అని రాయకండి, చుక్క కనిపించకపోతే 5 అయిపోతుంది, 0.5 అని రాయండి. 5 అని రాయాల్సిన చోట 5.0 అని రాయకండి, అది 50 అవుతుంది. మైక్రోగ్రాములు వచ్చినప్పుడు మరీ జాగ్రత్త: 1 మి.గ్రా. అంటే 1,000 మైక్రోగ్రాములు. థైరాయిడ్ గోలీ 50 మైక్రోగ్రాములంటే 0.05 మి.గ్రా.

5. ముందు అంచనా, తర్వాత సూత్రం

సూత్రం ఒక్కటే: కావలసింది, భాగించు చేతిలో ఉన్నది, గుణించు అది ఎన్ని మి.లీ.లో ఉందో. జెంటామైసిన్ వయల్ మీద 2 మి.లీ.లో 80 మి.గ్రా. అని ఉంది, ఆర్డర్ 60 మి.గ్రా. అనుకోండి. 60 భాగించు 80, గుణించు 2, అంటే 1.5 మి.లీ.

కానీ కాగితం పట్టుకునే ముందు కళ్లు మూసుకుని అడగండి, కావలసింది వయల్‌లో ఉన్నదానికన్నా తక్కువా ఎక్కువా? 60 అనేది 80లో ముప్పావు, కాబట్టి జవాబు 2 మి.లీ.లో ముప్పావు దగ్గర రావాలి. లెక్కలో 15 వచ్చిందంటే ఎక్కడో చుక్క జారింది. ఇంకో గుర్తు, ఒకే డోసుకు మూడు నాలుగు వయల్స్ పగలగొట్టాల్సి వస్తుంటే ఆగండి. నిజంగా అన్ని అవసరమయ్యే మందులు కొన్ని ఉన్నాయి, వాటి గురించి కింద చెప్తా, మిగతా వాటికి అది తప్పు లెక్క వాసన.

శాతాలు చూసి టెన్షన్ పడేవాళ్లకు: 1 శాతం అంటే 100 మి.లీ.లో 1 గ్రాము, అంటే 1 మి.లీ.లో 10 మి.గ్రా. కాబట్టి 2 శాతం లిగ్నోకైన్ అంటే మి.లీ.కి 20. డెక్స్‌ట్రోజ్ 25 శాతం 100 మి.లీ. సీసాలో 25 గ్రాముల గ్లూకోజ్. అడ్రినలిన్ మీద 1:1000 అని ఉంటే మి.లీ.కి 1 మి.గ్రా.

6. సెలైన్ చుక్కలు

ముందు సెలైన్ గొట్టం సెట్ కవర్ చూడండి, మి.లీ.కి ఎన్ని చుక్కలో దాని మీదే ఉంటుంది. మామూలు సెట్ ఎక్కువగా 20, కొన్ని 15, మైక్రో సెట్ 60. ఎక్కించాల్సిన మి.లీ.ను చుక్కల సంఖ్యతో గుణించి నిమిషాలతో భాగించాలి. 500 మి.లీ. 4 గంటల్లో అంటే 500 గుణించు 20, భాగించు 240, దాదాపు 42 చుక్కలు.

అడ్డదారి ఏంటంటే, ముందు గంటకు ఎన్ని మి.లీ.నో తేల్చుకోండి, ఇక్కడ 125. సెట్ 20ది అయితే దాన్ని 3తో భాగించండి, 15ది అయితే 4తో, మైక్రో అయితే ఏమీ చేయక్కర్లేదు, గంటకు ఎన్ని మి.లీ.నో నిమిషానికి అన్ని చుక్కలు. గడియారం చూస్తూ 15 సెకన్లు లెక్కపెట్టండి, 42కు పది, పదకొండు పడాలి.

ఇంతా చేసి మీరు అటు తిరగగానే పేషెంట్ తాలూకు మనిషి గొట్టం మీది రోలర్ తిప్పి చుక్కలు పెంచేస్తాడు. "జర జల్ది పోనీ సిస్టర్, దేవరకొండ ఆఖరి బస్ పోతది" అని మొదట మనల్ని అడుగుతారు, మనం ఒప్పుకోకపోతే వాళ్లే చేసుకుంటారు. కోప్పడడం కన్నా, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు నీళ్లు గబగబా పోతే ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుందని ముందే చెప్పండి. సీసా మీద ప్లాస్టర్ అంటించి మొదలుపెట్టిన టైం, గంట గంటకు ఎక్కడిదాకా దిగాలో గీతలు గీయండి. సెలైన్ ఎక్కుతుండగా దగ్గు, ఆయాసం మొదలైతే ముందు చుక్కలు తగ్గించి, తర్వాత డాక్టర్‌ను పిలవండి.

పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ ఎప్పుడూ నేరుగా నరంలోకి తోయకూడదు, గుండె ఆగిపోతుంది. దాన్ని సెలైన్‌లో కలిపి, బాగా తిప్పి, మెల్లగానే ఎక్కించాలి. మామూలు నీళ్ల ఆంప్యూళ్ల ట్రేలో అది కనిపిస్తే తీసి వేరే చోట పెట్టండి, ఎవరు పెట్టారని గొడవ తర్వాత.

విరేచనాల పిల్లలకు మాత్రం సెలైన్ కన్నా ముందు ఓఆర్‌ఎస్. కళ్లు గుంట పడి, దాహంగా తాగుతూ, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మెల్లగా వెనక్కి పోతుంటే కిలోకు 75 మి.లీ. చొప్పున 4 గంటల్లో తాగించాలి. 8 కిలోల పిల్లకు 600. అమ్మకు 600 అంటే భయమేస్తుంది, రెండు నిమిషాలకో 5 మి.లీ. చెంచా అని చెప్పండి, లెక్క సరిపోతుంది. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, చిన్నది 200 మి.లీ.కి, ఇదీ ప్యాకెట్ మీదే ఉంటుంది, గ్లాసులో సగం పొట్లం కలిపేవాళ్లను ఎంతమందిని చూశానో. మత్తుగా పడి ఉండి తాగలేని పిల్లకైతే ఆలస్యం చేయకుండా సెలైన్ పెట్టాలి.

7. ఇన్సులిన్

దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. మన దగ్గర వయల్స్ రెండు రకాలు దొరుకుతాయి, మి.లీ.కి 40 యూనిట్లది, 100 యూనిట్లది. సిరంజీలూ రెండు రకాలే, 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. వయల్ మీద ఉన్న అంకె, సిరంజీ మీద ఉన్న అంకె ఒకటే అయి ఉండాలి, అంతే. 100 ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజీలో 20 గీత దాకా లాగితే అర మి.లీ. వస్తుంది, అందులో 50 యూనిట్లుంటాయి. 20 అనుకుని 50 ఇచ్చినట్టు. సరైన సిరంజీ లేదంటే తెప్పించండి, సరిపెట్టే లెక్కలు వేయకండి.

ఇచ్చాక తిన్నాడో లేదో చూడండి. టిఫిన్ బండి దగ్గరికి పోయిన కొడుకు గంటైనా రాడు, ఇక్కడ పెద్దాయనకు చెమటలు, వణుకు, పొంతన లేని మాటలు. షుగర్ 70 కన్నా తక్కువుంటే, మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, డాక్టర్ చెప్పినట్టు నరం ద్వారా గ్లూకోజే.

8. పురుగుమందు, పాము

పత్తి, వరి ఉన్నచోట ఈ రెండూ తప్పవు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు తాగినా, పిచికారీలో ఒంటికి పట్టినా నోటి నుంచి చొంగ, కళ్లలో నీళ్లు, చెమట, కంటిపాప గుండుసూది మొన అంత, ఛాతీలో గరగర, నాడి మెల్లగా. ముందు మీరు గ్లౌజులు వేసుకోండి, బట్టలు తీసేసి సబ్బునీళ్లతో ఒళ్లు కడగండి. వీళ్లకు విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ విషయంలో "మూడు నాలుగు పగలగొట్టాల్సి వస్తే ఆగండి" అనే నా మాట చెల్లదు. ఆంప్యూల్ మి.లీ.లో 0.6 మి.గ్రా., డాక్టర్ 1.8 అంటే మూడు. 5 నిమిషాలకు చూసి ఫలితం లేకపోతే రెట్టింపు, అంటే 3.6కు ఆరు, తర్వాత 7.2కు పన్నెండు. ఛాతీ శుభ్రంగా వినిపించి, నాడి 80 దాటి, చంకలు పొడిబారేదాకా ఇది సాగుతుంది. కాబట్టి మొదటి డోస్ ఇవ్వగానే స్టాక్‌లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి డాక్టర్‌కు చెప్పండి, అయిపోయాక చెప్తే లాభం లేదు.

పాము కాటుకు విషం విరుగుడు మందు సాధారణంగా 10 వయల్స్‌తో మొదలుపెడతారు, ఒక్కో వయల్‌లో 10 మి.లీ. నీళ్లు పోసి కలపాలి, గట్టిగా ఊపొద్దు, నురగ వస్తుంది, మెల్లగా తిప్పండి. ఇక్కడ బరువు లెక్క లేదు. పిల్లలకూ అన్నే వయల్స్, ఎందుకంటే పాము చిన్నపిల్ల అని తక్కువ విషం వదలదు. రియాక్షన్ వస్తుందేమోనని అడ్రినలిన్ 1:1000 పక్కన సిద్ధంగా పెట్టుకోండి, పెద్దవాళ్లకు తొడ కండలోకి 0.5 మి.లీ. రక్తం గడ్డకట్టే పరీక్షకు 2 మి.లీ. రక్తం పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు.

9. ఇచ్చాక

పేరు అడిగేటప్పుడు "మీరు రాములయ్యనా?" అని అడగొద్దు, సగం నిద్రలో ఉన్నవాడు ఎవరి పేరుకైనా ఊఁ అంటాడు, "మీ పేరేంది?" అని అడగండి. ఒకే వార్డులో ఇద్దరు లక్ష్మమ్మలు ఉండడం మనకు మామూలే, ఇంటిపేరు, ఊరు కూడా కలిపి చూసుకోండి. ఇన్సులిన్, పొటాషియం, పిల్లల డోసులు ఇంకో సిస్టర్‌తో విడిగా లెక్క వేయించండి, మీ జవాబు ముందే చెప్పేస్తే ఆమె తలూపుతుందే తప్ప లెక్క వేయదు. ఇవ్వకముందే ఇచ్చినట్టు రాసిపెట్టుకోవడం కొన్నిచోట్ల అలవాటు, దానికి మాత్రం అలవాటు పడకండి.

ఎంత మి.గ్రా., ఎన్ని మి.లీ., ఏ దారిలో, ఎన్ని గంటలకు, ఇవి రాసేదాకా ఖాళీ ఆంప్యూల్, వయల్ ట్రేలోనే ఉంచండి. రాస్తూ ఇంకోసారి దాని మీది అక్షరాలు చదవండి, తర్వాతే డబ్బాలో పడేయండి.